నా వల్లే నాన్న రైలు తప్పిపోయింది

ఈసారి ఉత్తరం వైజాగ్‌లోని గోపాలపట్నం నుంచి. రాసినావిడకు 29 ఏళ్లు, పేరు వద్దన్నారు. పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో డాక్యుమెంట్ల పని చూస్తారు. పెళ్లై మూడేళ్లు, అత్తమామలతో కలిసే ఉంటారు, భర్తది స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. ఐదు నెలల క్రితం సైకియాట్రిస్ట్ పరీక్షించి ఏడీహెచ్‌డీ (ధ్యాసను, టైమ్‌ను పట్టి ఉంచుకోవడం కష్టమయ్యే మెదడు ఎదుగుదల సమస్య) అని చెప్పి, దానికి వాడే మిథైల్‌ఫెనిడేట్ టాబ్లెట్ రాశారు. "టాబ్లెట్‌తో తలలో రొద తగ్గింది, ఒకచోట కూర్చోగలుగుతున్నాను, కానీ టైమ్ మాత్రం ఎప్పటిలాగే చేతుల్లోంచి జారిపోతోంది" అని రాశారు.

పోయిన నెల ఆవిడ తాతగారి సంవత్సరీకం, విజయవాడలో పెదనాన్న ఇంట్లో. నాన్నగారు శ్రీకాకుళం నుంచి ముందురోజే వచ్చి కూతురింట్లో దిగారు. సాయంత్రం రైలెక్కించే పని ఈవిడదే. ఇంకా గంటంబావు ఉంది కదా అని ఆరిన బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టారు, బట్టలు పెడదామని బీరువా తీస్తే అది సర్దాల్సి వచ్చింది, తల ఎత్తి చూసేసరికి నలభై నిమిషాలు మిగిలాయి. జ్ఞానాపురం వైపు గేటులోంచి పరుగెత్తేసరికి రైలు కదిలిపోయింది. నాన్నగారు ఆర్టీసీ కాంప్లెక్స్‌కు వెళ్లి దొరికిన బస్సులో రాత్రంతా కూర్చుని వెళ్లారట. "ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది."

ఆఫీసులో ఒక్క నెలలో 11 రోజులు లేటని మేనేజర్ కాగితం మీద రాసిచ్చారు. ఓడ కటాఫ్ (ఆ ఓడకు సరుకు, కాగితాలు అందించే ఆఖరి గడువు) ఉన్నరోజు షిప్పింగ్ బిల్లు (ఎగుమతికి కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం) పని అందరికంటే ముందు ముగించేది ఈవిడే, ఏ గడువూ లేని పెండింగ్ బిల్లులు మాత్రం రెండు నెలలుగా డ్రాయర్‌లో ఉన్నాయి. ఫోన్లో 14 అలారాలు, మూడు ఆప్‌లు, రెండు డైరీలు ప్రయత్నించారు, ఏదీ మూడు వారాలు దాటలేదు. అత్తగారు "మనసు పెడితే ఎందుకు కాదు?" అంటారు. "వంటలో మాత్రం ఎప్పుడూ తప్పలేదండీ, కుక్కర్ విజిల్ వేస్తే ఎక్కడున్నా లేచి వస్తాను" అని కూడా ఒకచోట రాశారు. అడిగినవి ఇవి: ఏ పద్ధతీ ఎందుకు నిలవడం లేదు, ఇంట్లో, ఆఫీసులో ఈ సంగతి చెప్పాలా వద్దా. చివర్లో ఒక్క లైను: "నాన్న 20న కంటి పరీక్షకు వైజాగ్ వస్తున్నారు. తిరుగు రైలుకు అల్లుణ్ని దింపమని అడిగారు. నన్ను అడగలేదు."

అమ్మా, మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నేను డాక్టర్‌ని కాను, అది ముందే చెప్పాలి. నాకు ఏడీహెచ్‌డీ తెలిసింది మా తమ్ముడి వల్ల. వాడికి 34 ఏళ్లు వచ్చాక గానీ ఆ పేరు తెలియలేదు, అప్పటిదాకా వాణ్ని బద్ధకస్తుడని అన్నవాళ్లలో అందరికంటే ముందున్నది నేనే. ఆ మాటలు ఇప్పుడు వెనక్కి తీసుకోలేను. కాబట్టి మీ అత్తగారి మాట చదివినప్పుడు నాకు మీ బాధా అర్థమైంది, ఆవిడ ఎందుకలా అంటున్నారో కూడా అర్థమైంది.

మీ సమస్యకు సమాధానం సగం మీ ఉత్తరంలోనే ఉంది, మీరు చూసుకోలేదంతే. కుక్కర్ దగ్గర తప్పరు, కటాఫ్ దగ్గర తప్పరు. ఎందుకు? మూడు విజిళ్లు లెక్కపెట్టే పని మీ బుర్రది కాదు, కుక్కరే అరిచి చెబుతుంది. కటాఫ్ రోజున షిప్పింగ్ లైన్ నుంచి ఫోన్లు వస్తూనే ఉంటాయి, పక్క టేబుల్ వాళ్లు అడుగుతూనే ఉంటారు, తప్పితే ఏమవుతుందో ఆ సాయంత్రమే తెలిసిపోతుంది. టైమ్ బయటి నుంచి వచ్చి భుజం తట్టినప్పుడల్లా మీరు లేచారు. బట్టలు మడతపెడుతున్నప్పుడు, డ్రాయర్‌లో బిల్లులు పడి ఉన్నప్పుడు ఎవరూ తట్టలేదు. నిర్లక్ష్యం ఉన్న మనిషైతే కటాఫ్ దగ్గర కూడా తప్పేది.

చాలామందికి ఏదో పనిలో ఉన్నా లోపల ఒక అంచనా నడుస్తూ ఉంటుంది, పావుగంట అయుంటుంది, ఇక లేవాలి అని. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లలో ఆ అంచనా బలహీనంగా ఉంటుందని, ఎంతసేపు గడిచిందో చెప్పమంటే ఎక్కువ తప్పుతారని పరిశోధనల్లో తేలింది. మా తమ్ముడు దీన్ని తన మాటల్లో చెప్పేవాడు: "అక్కా, నాకు ఇప్పుడు అనేది ఉంటుంది, ఇప్పుడు కాదు అనేది ఉంటుంది, మధ్యలో ఏమీ ఉండదు." రసెల్ బార్క్‌లే అనే అమెరికన్ సైకాలజిస్ట్ ఏళ్ల తరబడి చెబుతున్నది కూడా ఇదే. ఏం చేయాలో తెలియక వచ్చే ఇబ్బంది కాదు ఇది, తెలిసిన పనిని ఆ వేళకు చేయలేకపోవడం. మరి అలాంటప్పుడు ఇంకాస్త మనసు పెట్టమంటే ఏం లాభం? చూపు ఆననివాళ్లను కళ్లు చికిలించి చూడమనడమే. కళ్లద్దాలు ఇవ్వాలి.

ఆ అద్దాలు మనవాళ్లకు కొత్త కూడా కాదు. గడియారాలు లేని రోజుల్లో, అడుగున సన్నటి చిల్లు ఉన్న రాగి గిన్నెను నీళ్ల మీద వదిలి కాలం కొలిచేవారు, అది నిండి మునిగితే ఒక గడియ, అంటే 24 నిమిషాలు. ముహూర్తం లాంటి ముఖ్యమైన వేళను ఎవరి అంచనాకూ వదల్లేదు, కంటి ముందు పెట్టుకున్నారు. మీరూ అదే చేయాలి. టైమ్‌ను తలలో మోయడం మానేసి కంటికి, చెవికి, ఇంకో మనిషికి అప్పగించాలి.

రైలు సంగతే తీసుకుందాం. మీకు నొప్పిగా ఉంటుందని తెలుసు, అయినా ఆ రోజు లెక్క ఒక్కసారి కాగితం మీద వేసి చూడండి. గోపాలపట్నం నుంచి ఎన్ఏడీ, కంచరపాలెం మీదుగా స్టేషన్‌కు అరగంట అనుకుందాం. ఆటో బుక్ చేసి అది వచ్చేదాకా పది నిమిషాలు. గేటు దగ్గర దిగి, మెట్లెక్కి, నాన్నగారి నడకతో బోగీ వెతుక్కోవడానికి పావుగంట. ఇంకో పావుగంట ఉంది, దాన్ని ఎవరూ లెక్కలో వేయరు, నేను గుమ్మం పనులు అంటాను: నాన్నగారి కళ్లజోడు, మాత్రల డబ్బా, మంచినీళ్ల సీసా, అత్తగారికి వెళ్లొస్తామని చెప్పడం, ఆవిడ ఏదో పొట్లం కట్టివ్వడం, తాళాలు, చెప్పులు. మొత్తం 70 నిమిషాలు. అంటే "ఇంకా గంటంబావు ఉంది కదా" అని మీరు అనుకున్న ఆ క్షణాన మీ చేతిలో నిజంగా ఉన్నది ఐదు నిమిషాలు. బట్టలు మడతపెట్టడానికి మీకు అసలు టైమే లేదు, కానీ ఆ సంగతి గోడ గడియారంలో ఎక్కడా రాసి ఉండదు. రైలు 6 గంటలకైతే మీ తలలో ఉండాల్సిన అంకె 6 కాదు, 4:50. ఇక నుంచి ఏ ప్రయాణమైనా చేరాల్సిన టైమ్ నుంచి ఇలా వెనక్కి లెక్కేసుకుంటూ వచ్చి, లేవాల్సిన టైమ్ ఒక్కటే పెద్ద అక్షరాలతో ఫ్రిజ్ మీద రాయండి, మిగతా అంకెలు మర్చిపోండి. చెప్పులు వేసుకున్నాక ఏ పనీ ముట్టుకోకూడదు, పడిపోయిన దువ్వెన కూడా తీయొద్దు, ఎందుకంటే మీ విషయంలో ప్రతి దువ్వెన వెనకా ఒక బీరువా ఉంటుంది.

ఈ లెక్కల్లో అరగంట, పావుగంట అని నేను ఊహించి రాశాను, మీ నిజమైన అంకెలు మీరే పట్టుకోవాలి. ఒక్క వారం చాలు. స్నానం, తలదువ్వుకోవడం, టిఫిన్ డబ్బా సర్దడం, ఇంటి నుంచి ఆఫీసు, ఒక బిల్లు సరిచూడటం, ఈ ఐదింటికి ముందు మీ అంచనా రాయండి, తర్వాత అసలు ఎంత పట్టిందో పక్కన రాయండి. పనికి పట్టే టైమ్‌ను తక్కువగా అంచనా వేయడం మనుషులందరికీ ఉన్నదే, డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వర్‌స్కీ అనే సైకాలజిస్టులు 1979లోనే దీని గురించి రాశారు. మీకు కాస్త ఎక్కువ ఉంటుంది. స్నానానికి పది అనుకుంటే పాతిక వస్తే సిగ్గుపడకండి, ఇకమీదట పాతికే వేసుకోండి.

పద్ధతులు మూడు వారాలకే ఎందుకు చచ్చిపోతున్నాయి అన్నారు. మీ బుర్రకు కొత్తది కనిపించినంత స్పష్టంగా పాతది కనిపించదు. కొత్త ఆప్ మొదటి వారం మెరుస్తుంది, నాలుగో వారానికి గోడలో కలిసిపోతుంది. ఇది మీ ఓటమి కింద రాసుకోవద్దు, కూరగాయలు వాడిపోయినట్టే అనుకోండి, వాడిపోతాయని తెలిసే కదా వారం వారం రైతుబజారుకు వెళ్తాం. ఒకే ఒక్క శాశ్వతమైన పద్ధతి కోసం వెతకడం ఆపేసి, ఓ మూడు చేతిలో ఉంచుకోండి, నెల మొదటి తారీఖున మార్చేయండి. ఒక నెల వంటింటి టైమర్, ఒక నెల ఇసుక గడియారం, ఒక నెల స్నానం నుంచి చీర కట్టుకునేదాకా సరిపోయే పాటల వరస, ఫలానా పాట వచ్చిందంటే చెప్పులేసుకోవాలి. అలారాలు 14 తీసేయండి. ఒకే మోతతో రోజూ పద్నాలుగుసార్లు మోగితే చెవి దాన్ని ఫ్యాన్ చప్పుడులా వదిలేస్తుంది. మూడు ఉంచండి, మూడింటికీ వేర్వేరు మోతలు, పేర్లు కూడా టైమ్ కాకుండా పని చెప్పేలా, "లే, చెప్పులేసుకో" అని. ఫోన్ కూడా చేతికి అందేచోట కాకుండా గుమ్మం దగ్గర పెట్టండి, ఆపాలంటే అక్కడిదాకా నడవాలి.

మీ వారు ఒక్కరోజు కూడా డ్యూటీకి లేటవ్వరని, తనను చూస్తే మీ మీద మీకే అసహ్యమేస్తుందని రాశారు. ఒక్క మాట. ఎ షిఫ్టుకు, అంటే పొద్దుటి డ్యూటీకి, తెల్లారకుండా లేచే మనిషి రాత్రే బూట్లు, పాస్, క్యారియర్ ఒకచోట పెట్టుకుంటారా లేదా గమనించండి. ఆయనకు ఆరింటికి గేటు ఉంది, ఎదురుచూసే రాత్రి షిఫ్టు మనిషి ఉన్నాడు, ఆయన వెళ్తే గానీ అతను ఇంటికి రాలేడు. ఆయన క్రమశిక్షణను నేను తక్కువ చేయడం లేదు, దాని చుట్టూ ఎన్ని బయటి చేతులు ఉన్నాయో చూడమంటున్నాను. మీకూ అలాంటి చేతులు కొన్ని కావాలి, అడగడంలో తప్పులేదు.

డ్రాయర్‌లోని బిల్లులకు కూడా అదే మందు. ఒంటరిగా కూర్చుంటే అవి కదలవు. పక్కన ఇంకో మనిషి తన పని తాను చేసుకుంటూ ఉంటే చాలామంది ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు చేయి కదులుతుంది, ఆ మనిషి మనకు సాయం కూడా చేయక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు. ఆఫీసులో మీలాగే పెండింగ్ పని ఉన్న ఒకరితో, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్క గడియ కూర్చుందామని మాట అనుకోండి. ఇటలీలో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఆయన 1980ల చివర్లో విద్యార్థిగా ఉన్నప్పుడు టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌తో మొదలుపెట్టిన పద్ధతిలో 25 నిమిషాలు పని, ఐదు నిమిషాలు విరామం. మన గడియకు ఒక్క నిమిషమే తేడా. ఇరవై నాలుగూ ఎక్కువనిపిస్తే పది పెట్టండి, మూడు బిల్లులు సరిచూసి లేవండి. డ్రాయర్ మొత్తం ఒక ఆదివారం కూర్చుని తేల్చేస్తానని మాత్రం ఎవరికీ, ముఖ్యంగా మీకు మీరు, మాటివ్వకండి.

టాబ్లెట్ గురించి క్లుప్తంగా. మామూలు మిథైల్‌ఫెనిడేట్ సుమారు నాలుగు గంటలు పనిచేస్తుంది, ఎక్కువసేపు పనిచేసే రకాలు వేరే ఉన్నాయి. ఉదయం వేసుకున్నది సాయంత్రానికి ఉండకపోవచ్చు, మీ రైలు సంగతి జరిగిందీ సాయంత్రమే. మోతాదు మీరు మార్చకండి, ఏ వేళకు బాగుంటోంది, ఏ వేళకు జారిపోతోంది అని ఒక వారం రాసుకుని డాక్టర్‌కు చూపించండి. చీటీ లేకుండా ఇవ్వని మందు ఇది, అన్ని షాపుల్లోనూ ఉండదు, కాబట్టి అయిపోయే వారం ముందే చీటీ పట్టుకెళ్లే పని మీ వారికి అప్పగించండి. టాబ్లెట్ కూర్చోబెడుతుంది గానీ లెక్క నేర్పదు, మీరు చెప్పింది నిజమే. 2010లో అమెరికాలో మీలాగే మందు వాడుతున్నా ఇబ్బంది తీరని 86 మంది పెద్దవాళ్ల మీద ఒక పరిశోధన చేశారు, పనులను ముక్కలు చేసుకోవడం, క్యాలెండర్ వాడటం లాంటివి నేర్పే సీబీటీ (ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) తీసుకున్నవాళ్లకు, విశ్రాంతి పద్ధతులు, ఏడీహెచ్‌డీ గురించి అవగాహన పాఠాలు నేర్చుకున్నవాళ్లకంటే మెరుగైంది. మీ డాక్టర్‌ను అడగండి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. మనసు మరీ కుంగిపోయిన రాత్రి ఎవరితోనైనా తెలుగులో మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ఇక చెప్పాలా వద్దా. ఆఫీసులో మీ ముందు మూడు దారులున్నాయి. ఏమీ చెప్పకపోతే ఈ నెల గడుస్తుంది, కానీ మేనేజర్ దగ్గర ఇప్పటికే ఒక కాగితం ఉంది, ఇంకో పది లేట్లకు ఆయన తన కారణం తాను రాసుకుంటారు. జబ్బు పేరుతో సహా చెబితే మంచి మనిషైతే సర్దుబాటు దొరుకుతుంది, కానీ మీది చిన్న ఆఫీసు, ఆ మాట సాయంత్రానికి టీ కొట్టు దాకా వెళ్లొచ్చు, ఒకసారి వెళ్లాక వెనక్కి రాదు. మధ్య దారి, జబ్బు పేరు ఎత్తకుండా మీకు కావలసింది మాత్రమే అడగడం: "సార్, గడువు లేని పని నా దగ్గర ఆగిపోతోంది. ప్రతి శుక్రవారం పది బిల్లులు అని నాకు గడువు పెట్టండి, నాలుగింటికి వచ్చి చూపిస్తాను. రావడం అరగంట ఆలస్యంగా పెట్టుకుని సాయంత్రం అరగంట ఎక్కువ ఉంటాను." నాకైతే ముందు ఇది చేయడం మంచిదనిపిస్తుంది, ఎందుకంటే ఇందులో దాచిందీ లేదు, బయటపెట్టేసుకున్నదీ లేదు. ఆయన ఒప్పుకోకపోతే అప్పుడు రెండో దారి ఎలాగూ ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలను గోప్యంగా ఉంచాల్సిన బాధ్యత వైద్యం చేసేవాళ్లకు ఉంది, కాబట్టి ఆ మాట మీరు చెప్తే తప్ప ఆసుపత్రి నుంచి ఆఫీసుకు చేరకూడదు.

ఇంట్లో సంగతి వేరు. మీ వారికి తెలుసన్నారు, అత్తగారికి తెలియదు. చెప్పకపోతే ఆవిడ తనకు తెలిసిన ఒక్క కారణమే పట్టుకుంటారు, నిర్లక్ష్యం. చెబితే మొదట "ఇన్నేళ్లు లేనిది ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది?" అంటారు, చాలా ఇళ్లలో మొదటి మాట అదే. నిజానికి ఏడీహెచ్‌డీ పెద్దయ్యాక కొత్తగా వచ్చేది కాదు, 12 ఏళ్లలోపే లక్షణాలు ఉండి ఉండాలని డాక్టర్లు చూస్తారు, అల్లరి చేయకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చునే ఆడపిల్లల్లో దాన్ని ఎవరూ గుర్తుపట్టరు. మీ అమ్మగారు మీ బడి రోజుల సంగతులు ఆవిడతో చెబితే మీరు చెప్పినదానికంటే ఎక్కువ పనిచేస్తుంది. చెప్పేటప్పుడు ఒక చిన్న సాయం కూడా అడగండి, ఉత్త వివరణకు మనుషులు వాదిస్తారు, సాయం అడిగితే ఆలోచిస్తారు. "అత్తయ్యా, నేను బయల్దేరాల్సిన టైమ్‌కు ఒక్క కేక వేయండి, తిట్టినట్టు కాకుండా, పిలిచినట్టు" అని. ఆవిడ ఒప్పుకోకపోవచ్చు, లేదా ఒప్పుకుని ఆ కేకలోనే రెండు మాటలు కలపొచ్చు. అప్పుడు అలారంతోనే సరిపెట్టుకుందాం. మా అమ్మ మా తమ్ముడికి ఏడేళ్లు అలా కేక వేసింది.

20వ తేదీ మిగిలింది. మీ వారు ఒక్కరే దింపితే రైలు అందుతుంది, ఎవరికీ టెన్షన్ ఉండదు, కానీ మీరు వంటింట్లో నిలబడి ఆటో వెళ్లిన చప్పుడు వింటారు. నేనే తీసుకెళ్తానని పట్టుబట్టి ఒక్కరే వెళ్లడం రెండోది. మీ మనసు దీనికే లాగుతుందని నాకు తెలుసు, పోయినచోటే వెతుక్కోవాలని ఉంటుంది. కానీ రెండోసారి కూడా తప్పితే అది మోయడం మీకూ ఆయనకూ కష్టం, నిరూపించుకోవడానికి నాన్నగారి ప్రయాణాన్ని పందెం పెట్టొద్దు. ముగ్గురూ కలిసి వెళ్లండి. టైమ్ పట్టుకోవడం ఆ రోజుకు మీ వారి పని, సంచి, మాత్రలు, టికెట్ చూసుకోవడం మీ పని. ఆ రోజు డ్యూటీ మార్చుకోగలరేమో ఇప్పుడే అడగండి. గంట ముందే ప్లాట్‌ఫాం మీద ఉండేలా వెళ్లండి, ఆ గంట వృథా అనుకోవద్దు. పులిహోర కట్టుకుని వెళ్లి అక్కడే బెంచీ మీద కూర్చుని తినండి. మీ వారు నీళ్ల సీసా కోసం అటు వెళ్లినప్పుడు ఆ వెనక్కి వేసిన లెక్క కాగితం నాన్నగారికి చూపించండి, "ఆ రోజు నాకు టైమ్ తెలియలేదు నాన్నా, ఇప్పుడు ఇలా రాసుకుంటున్నాను" అని చెప్పండి. ఆయన ఈసారి కూడా ఏమీ అనకపోవచ్చు. మీరు చెప్పాల్సింది మాత్రం చెప్పేయండి.

తిరుగు రైలు ఎన్నింటికో ఈ రాత్రే ఫోన్ చేసి కనుక్కోండి, కనుక్కున్నాక ఫోన్ పక్కన పెట్టకముందే వెనక్కి లెక్కేసి ఆ ఒక్క అంకె ఫ్రిజ్ మీద రాయండి.